మా మేనల్లుడు ఎవరి చొక్కా వేసుకోవాలి

ఒకావిడ ఇంట్లో స్నానాలగదికి టైల్స్ అతికిస్తుంటే ఫోన్ మోగింది. రెండు చేతులకీ సిమెంటే. మోచేత్తో నొక్కి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"ఓల్మన్, నేను నాహూన్‌ని."

ఇరవై మూడేళ్ళ తర్వాత విన్నాను ఆ గొంతు. ఒకప్పుడు హోండురాస్ జట్టులో వాడూ నేనూ పక్కపక్కన నిలబడి డిఫెన్స్ ఆడాం. ఇప్పుడు వాడు అదే జట్టుకి అసిస్టెంట్ కోచ్.

"నీ మేనల్లుడు మాకు కావాలి," అన్నాడు, కుశల ప్రశ్నలేమీ లేకుండా.

"వాణ్ణే అడుగు."

"అడిగాం. అమ్మని అడగాలి అన్నాడు. సరే అని మీ అక్కకి ఫోన్ చేశాను."

"చేస్తే?"

"నా పేరు చెప్పగానే పెట్టేసింది. మళ్ళీ చేస్తే, నాకు పెళ్ళయిందా, పిల్లలెందరు అని నెమ్మదిగా కనుక్కుని, అప్పుడు అందర్నీ కలిపి తిట్టింది."

నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. జూన్‌లో జరిగే ఆటలకి పేర్లు పంపడానికి ఇంక మూడు వారాలే ఉందన్నాడు. నేను చూస్తాననలేదు, చూడననీ అనలేదు. ఫోన్ పెట్టేసి చూసుకుంటే ఆ వరసలో రెండు టైల్స్ వంకరగా అతికించాను. తీసి మళ్ళీ పెట్టాను.

మేముండేది లూసియానాలో, కెన్నర్ అనే ఊళ్ళో. విమానాలు మా నెత్తిమీద నుంచే దిగుతాయి. హోండురాస్ వాళ్ళం ఇక్కడ ఎంతమందిమంటే, రొట్టెల కొట్లో ఇంగ్లీషు మాట్లాడితే పోలీసేమో అని తిరిగి చూస్తారు. మా అక్క మిర్తాల, నేనూ కలిసే వచ్చాం ఇక్కడికి. అక్క ఇక్కడే సెల్విన్‌ని పెళ్ళి చేసుకుంది. మా బావది ఎల్ సాల్వడోర్. తుఫానుకి ఊళ్ళో పైకప్పులన్నీ లేచిపోతే వాటిని మళ్ళీ వేసినవాళ్ళలో అతనొకడు. అతనికి ఫుట్‌బాల్ అంటే పట్టదు, చేపలు పట్టడమొక్కటే లోకం. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు అబ్నెర్.

అబ్నెర్ కెన్నర్లోనే పుట్టాడు. పార్కులో ఆదివారం ఆటలతో మొదలుపెట్టాడు. పదమూడో ఏట టెక్సాస్‌లో ఒక క్లబ్ వాళ్ళు తీసుకెళ్ళారు. ఇప్పుడు ఇరవై ఏళ్ళు. నడిమి వరసలో ఆడతాడు. అమెరికా కుర్రాళ్ళ జట్టుకి రెండేళ్ళు ఆడాడు కానీ పెద్ద జట్టుకి ఇంకా ఆడలేదు. నియమం ప్రకారం అలాంటివాడు ఒక్కసారి దేశం మారొచ్చు. మారాక ఇక వెనక్కి రావడమనేది లేదు.

ఇంత గొడవ ఎందుకొచ్చిందో తెలియాలంటే నా సంగతి చెప్పాలి. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక అర్హత పోటీలో ఆఖరి ఆట ఆడుతున్నాం. డ్రా అయితే చాలు, ముందుకెళ్తాం. ఇంకో రెండు నిమిషాలుందనగా బంతి నా కాళ్ళ దగ్గరకొచ్చింది. మా గోల్‌కీపర్‌కి వెనక్కి కొట్టాను. మెల్లగా కొట్టాను. మధ్యలో ఎదుటివాడు దూరి గోల్ చేశాడు. మేం ఇంటికెళ్ళాం. ఇంటి గోడ మీద 'అమ్ముడుపోయాడు' అని ఎర్రరంగుతో రాసి ఉంది. కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి. నేను లోపలి గదిలో పడుకుని మూడు రోజులు లేవలేదు. అక్క బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఆ గోడ కడిగింది. పొద్దున్న కడిగితే రాత్రికి మళ్ళీ రాసేవాళ్ళు. మూడుసార్లు రాశారు, మూడుసార్లు కడిగింది. నాలుగు నెలల తర్వాత మేమిద్దరం ఊరు వదిలేశాం.

అబ్నెర్‌కి ఇదేదీ చెప్పలేదు. మావయ్య ఒకప్పుడు ఆడేవాడు, మోకాలు పోయింది అని చెప్పాం. టైల్స్ పని మొదలెట్టాక మోకాళ్ళు నిజంగానే పోయాయి కాబట్టి అదేమంత అబద్ధం కాదు.

మే నెలలో వాడికి పది రోజులు సెలవిచ్చారు. ఇంటికొచ్చాడు. ఆదివారం భోజనానికి నేనూ వెళ్ళాను. అక్క పెనం మీద రొట్టెలు కాల్చి, బీన్స్ ముద్ద పూసి, మీగడ వేసి మడిచి పెడుతోంది. బావ తను పట్టిన చేపని తనే వేయించి, అందరూ మెచ్చుకుంటారేమోనని చూస్తున్నాడు.

"అమెరికా వాళ్ళు ఏమన్నారు?" అడిగింది అక్క, వెనక్కి తిరక్కుండానే.

"నన్ను మర్చిపోలేదన్నారు. నలభై మంది జాబితాలో ఉన్నానట."

"నలభై మందిలో ఎన్నోవాడివి?" అన్నాడు బావ.

"ముప్ఫై తొమ్మిదో, నలభయ్యో ఉంటాను నాన్నా."

"మా ఎల్ సాల్వడోర్‌కి ఆడితే మొదటివాడివే అవుతావు. మమ్మల్నెవరూ అడగరేం? నేను తండ్రిని కానా?"

"జట్టుకి ఎంతమందో తెలుసా నీకు?" అంది అక్క.

"తెలీదు. అయినా మర్యాదకి ఒక మాట అడగాలి కదా!"

అబ్నెర్ నోట్లో రొట్టె పెట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వాపి అన్నాడు, "అమ్మా, నేను హోండురాస్‌కి ఆడదామనుకుంటున్నా."

అక్క పెనం కింద మంట ఆర్పేసింది.

"ఆ చొక్కా నా ఇంటి గడప దాటి లోపలికి రాదు," అంది. "నీ దేశం ఇది. ఇక్కడ పుట్టావు, ఇక్కడ చదివావు, ఇక్కడివాళ్ళు నిన్ను పిలిచి ఆడించారు. నలభయ్యోవాడివైతే ఏం? కష్టపడితే ముప్ఫయ్యోవాడివి అవుతావు. అక్కడివాళ్ళు నెత్తిన పెట్టుకున్నవాణ్ణే కింద పడేసి తొక్కుతారు. నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

అక్క నావైపు చూసింది. నేను చేప ముల్లు తీసుకుంటున్నట్టు నటించాను.

"తెలుసంతే!" అని గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది. మొత్తం నాలుగు రొట్టెలు మిగిలాయి. ఆ ఇంట్లో అలా మిగలడం నేను చూడలేదు.

చిక్కేమిటంటే, వాడికి హోండురాస్ పాస్‌పోర్టు రావాలంటే అక్క బర్త్ సర్టిఫికెట్ కావాలి, అక్క స్వయంగా కాన్సులేట్‌కి వచ్చి సంతకం పెట్టాలి. బావ సంతకం దీనికి పనికిరాదు. "చూశావా, అక్కడ కూడా నేను లెక్కలో లేను," అన్నాడు బావ.

మర్నాడు టైల్స్ కొనడానికి వెళ్తుంటే అబ్నెర్ నా బండెక్కాడు. వచ్చేటప్పుడు చెరువు గట్టు దగ్గర ఆపాను. అది పేరుకి చెరువే కానీ అవతలి ఒడ్డు కనపడదు. ఇద్దరం గట్టెక్కి కూర్చున్నాం.

"అబ్నెర్, నీకొక సంగతి చెప్పాలి. నేను ఆట మానేసింది మోకాలు వల్ల కాదు."

"తెలుసు మావయ్యా."

"ఏం తెలుసు?"

"వెనక్కి కొట్టిన బంతి. నాకు పదకొండేళ్ళప్పుడు పార్కులో ఒకడు ఫోన్లో చూపించాడు. ఓ యాభైసార్లు చూసుంటాను."

తొమ్మిదేళ్ళు. అన్నేళ్ళూ ఇంట్లో ఉన్నప్పుడల్లా నా మోకాలికి మందు రాసేవాడు, ఏమీ ఎరగనట్టు.

"ఆ పాస్ మరీ అంత చెడ్డదేం కాదు," అన్నాడు. "మీ గోల్‌కీపర్ అక్కడే ఎందుకు నిలబడిపోయాడు? నాలుగడుగులు ముందుకొస్తే సరిపోయేది."

ఆ మాట ఎవరైనా అంటారని ఇరవై మూడేళ్ళుగా ఎదురుచూశాను. కళ్ళు చెమ్మగిల్లాయి. నీళ్ళ మీంచి గాలి వస్తోందని అటు తిరిగి కూర్చున్నాను.

అటు తిరిగే అన్నాను, "ఒరే, నువ్వు నా కోసం ఆ చొక్కా వేసుకుంటానంటే మాత్రం నేనొప్పుకోను. నా మచ్చ నువ్వు కడగక్కర్లేదు."

"నీకంత సీన్ లేదులే మావయ్యా!"

"మరెందుకురా?"

గడ్డి పీకుతూ కూర్చున్నాడు. చెప్పడం చేతకాక కాదు, ఎక్కడ మొదలెట్టాలో తెలీక.

"జనవరిలో హ్యూస్టన్‌లో హోండురాస్ జట్టు శిబిరానికి మూడు రోజులు వెళ్ళాను కదా. నేను నోరు తెరవగానే అందరూ పడీపడీ నవ్వారు. నా స్పానిష్ వాళ్ళ నానమ్మలు మాట్లాడినట్టుందట. నాకేం తెలుసు, నేను నేర్చుకుంది అమ్మ దగ్గర. అమ్మ అక్కడినుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మొదటిరోజు భోజనాలప్పుడే నా పేరు 'నానమ్మ' అయిపోయింది. 'నానమ్మా, బంతి ఇటివ్వు.' 'నానమ్మని ఎవడ్రా కింద పడేసింది?' మూడు రోజులూ అదే గోల."

"అది ఏడిపించడం కదురా?"

"అదే చెప్తున్నా. అమెరికా జట్టులో అందరూ మంచివాళ్ళే. మంచి పరుపులు, మంచి తిండి, కోచ్ భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు. రెండేళ్ళలో ఒక్కడు కూడా నన్ను ఏడిపించలేదు. ఒక్కడు కూడా, మావయ్యా. చుట్టాలింటికెళ్ళినట్టు ఉంటాను అక్కడ. హోండురాస్ వాళ్ళు మూడో రోజుకే నా బూట్లు దాచేశారు."

నేను వాడి తల మీద ఒకటిచ్చాను.

ఆ సాయంత్రమే అక్క దగ్గరకెళ్ళాను. వెనక వసారాలో కూర్చుని మొక్కజొన్న పిండి కలుపుతోంది. మర్నాడు పార్కులో అమ్మడానికి. నేను పక్కన కూర్చున్నాను.

"వాడికి తెలుసక్కా. పదకొండేళ్ళప్పటినుంచీ."

ఆమె చేతులు ఆగిపోయాయి. మళ్ళీ కలపసాగింది, ఇంకాస్త గట్టిగా.

"తెలిసి కూడా వెళ్తానంటున్నాడా? అయితే వాడికి నీకన్నా బుద్ధి తక్కువ."

"నన్ను తిట్టారు, నేను మర్చిపోయాను. నువ్వూ..."

"నువ్వెందుకు మర్చిపోవు?" అంది. నెమ్మదిగానే అంది. "గోడ నువ్వు కడగలేదు. నేను కడిగాను. ఎండలో, వీధంతా చూస్తుంటే. ఆ రంగు ఊడక గోళ్ళతో గీకాను. అరచేతుల తోలు లేచిపోయింది. నువ్వు లోపల పడుకున్నావు."

నిజమే. ఆ మూడు రోజుల్లో నేను నా గురించే ఏడ్చాను. బయట బ్రష్ గీరుతున్న చప్పుడు వినపడేది. లేచి తలుపు తియ్యలేదు. తర్వాత ఇన్నేళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నాం, వారానికి నాలుగుసార్లు ఆమె చేతివంట తిన్నాను, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

"అక్కా, నేను లేచి రావాల్సింది," అన్నాను. "రెండో బకెట్టు నేను పట్టుకోవాల్సింది. తప్పయింది."

అక్క పిండి ముద్దలో సగం తెంపి నా ముందు పెట్టింది. ఇద్దరం పొద్దుగుంకేదాకా కలిపాం. నాకు సరిగా రాదని రెండుసార్లు నా చేతుల మీద కొట్టింది. అబ్నెర్ ఊసు మళ్ళీ రాలేదు.

రెండ్రోజుల తర్వాత, పొద్దున్న తొమ్మిదింటికి, నేను పని చేస్తున్న ఇంటి ముందు బావ బండి ఆగింది. నడుపుతోంది అక్క. చర్చికి వేసుకెళ్ళే నీలం గౌను వేసుకుంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో బర్త్ సర్టిఫికెట్. వెనక సీట్లో అబ్నెర్ కూర్చున్నాడు.

"ఎక్కు," అంది నాతో. "కాన్సులేట్ పదింటికి తెరుస్తారు."

"మరి నా పని?"

"టైల్స్ ఎక్కడికీ పారిపోవు. ఎక్కు."

దారిలో తనే చెప్పింది. "వీడికి ఇష్టం లేక మానేస్తే అది వేరు. నేను భయపడి ఆపితే, రాత్రిపూట వచ్చి రాసిపోయినవాళ్ళ మాటే నెగ్గినట్టు. అంత సులువుగా నెగ్గనివ్వను." తర్వాత అద్దంలోంచి కొడుకుని చూసి, "కానీ ఆటకి నేనొస్తాను. నువ్వొక్కడివే వెళ్ళడానికి వీల్లేదు," అంది.

కాన్సులేట్‌లో కిటికీ అవతల ఒక కుర్రాడు. పాతికేళ్ళుంటాయేమో. కాగితాలు చూశాడు. అక్క గడ్డం పైకెత్తి నిలబడింది, దెబ్బ కాచుకునేవాళ్ళలా.

"మిర్తాల సూనిగా," అని చదివాడు. "సాన్ పెడ్రో సూలా."

"అవును. ఓల్మన్ సూనిగా అక్కని," అంది గట్టిగా. అడక్కుండానే చెప్పేసింది. నన్ను కూడా చూపించింది. "వీడే."

కుర్రాడు నన్ను చూశాడు. అక్కని చూశాడు. "సంతోషమండీ," అన్నాడు. "ఎవరండీ ఆయన? పాటలు పాడతారా?"

"ఫుట్‌బాల్ ఆడేవాడు. దేశం జట్టుకి. ఆఖరి ఆటలో..."

"క్షమించండమ్మా, నేనెప్పుడూ వినలేదు. ఇక్కడ సంతకం పెట్టండి, ఇక్కడ కూడా."

అక్క సంతకం పెట్టింది. బయటికొచ్చాక కూడా ఆమె మొహంలో కోపం తగ్గలేదు.

"మర్చిపోయారు! అంతా చేసి మర్చిపోయారు! నా చేతుల తోలు ఊడింది, మనం దేశం వదిలేశాం, వాడేమో పాటలు పాడతారా అంటాడు!"

"వాడు అప్పటికి పసివాడమ్మా," అన్నాడు అబ్నెర్.

"వాళ్ళమ్మా నాన్నా చెప్పొద్దూ?"

నేను ఆపుకోలేక నవ్వేశాను. అబ్నెర్ కూడా. కెన్నర్ చేరేలోపు అక్క పెదాలు కూడా వణకడం మొదలెట్టాయి. చివరికి బండి పక్కకాపి, స్టీరింగ్ మీద తలపెట్టి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా చాలాసేపు ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం అబ్నెర్ అమెరికా కోచ్‌కి ఫోన్ చేశాడు. నా బండిలో కూర్చుని చేశాడు. నన్ను దిగొద్దన్నాడు. ఆ పెద్దమనిషి ఒక్క మాట పరుషంగా అనలేదు. నీ ఇష్టం నాకర్థమైంది, నువ్వు మా దగ్గరే ఎదిగావు, ఎక్కడ ఆడినా చూస్తూనే ఉంటాను అన్నాడు. ఫోన్ పెట్టాక అబ్నెర్ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఆయన తిట్టుంటే బాగుండేది మావయ్యా. ఈ దేశం నాకేం తక్కువ చేసింది?"

"ఏమీ తక్కువ చెయ్యలేదు."

"మరి నేను మోసం చేశానా?"

"లేదురా. ఇద్దరు పిలిచారు. ఒకళ్ళింటికే వెళ్ళగలవు. రెండో ఇంటివాళ్ళ మీద ప్రేమ లేకపోతే ఇలా ఏడ్చేవాడివి కాదు."

ఆ మాట వాడికి ఎంత పనిచేసిందో తెలీదు. ముక్కు తుడుచుకుని, ఆకలేస్తోంది అన్నాడు.

జూన్‌లో అక్కా నేనూ సాన్ పెడ్రో వెళ్ళాం. బావ కూడా వచ్చాడు. అక్కడ సముద్రంలో ఏం చేపలు పడతాయో చూడాలని. స్టేడియంలో ఎండ వైపు సీట్లు దొరికాయి. నేను టోపీ కళ్ళ మీదకి లాక్కున్నాను. ఎవరైనా గుర్తుపడతారేమోనని మొదటి పావుగంట ఆట కన్నా చుట్టూ మొహాలే ఎక్కువ చూశాను. ఎవరూ గుర్తుపట్టలేదు. నా పక్కాయన వేరుశనక్కాయలు తింటూ తొక్కలన్నీ నా బూట్ల మీద పోస్తున్నాడు. ఒకపక్క బరువు దిగినట్టుంది, ఇంకోపక్క, నిజం చెప్పాలంటే, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

అరవై నాలుగో నిమిషంలో అబ్నెర్ లోపలికి దిగాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. మొదటి బంతి బాగానే ఇచ్చాడు. రెండోది నేరుగా ఎదుటి జట్టువాడి కాళ్ళకే వెళ్ళింది. కొద్దిలో గోల్ తప్పింది. స్టేడియమంతా ఎగతాళి ఈలలు. మా వెనక వరసలో లావాటాయన లేచి నిలబడి, అబ్నెర్‌ని, వాడి తల్లినీ కలిపి ఒక బూతు తిట్టాడు.

అక్క లేచింది. వెనక్కి తిరిగింది.

"వాడి తల్లిని నేనే. ఏంటి నీ బాధ?"

చుట్టూ నాలుగు వరసలవాళ్ళు ఆట వదిలేసి ఇటు తిరిగారు.

"అమ్మా... నేను... అది ఆటలో అలా వచ్చేస్తుంది..."

"అయితే ఆటలో నాకూ కొన్ని వచ్చేస్తాయి, విను," అని ఆయన్ని, ఆయన తాతముత్తాతల్నీ, ఆయన వేసుకున్న చొక్కా గుండీల్నీ ఏకరువు పెట్టింది. ఇరవై మూడేళ్ళ నాటి తిట్లు. వాటిలో కొన్ని ఇప్పుడెవరికీ తెలియవు. ఆయన చేతులు జోడించి, తన దగ్గరున్న వేయించిన అరటికాయ ముక్కల పొట్లం ఆమెకిచ్చాడు. అక్క తీసుకుంది. ఒకటి నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైంది," అని కూర్చుంది.

ఆట ఒకటి ఒకటితో డ్రా అయింది. అబ్నెర్ గోల్ ఏమీ కొట్టలేదు. చివరి పది నిమిషాలు మాత్రం వాడి కాళ్ళు కుదురుకున్నాయి. బంతి కావాలని చేతులూపి అడిగి మరీ తీసుకున్నాడు. ఈల మోగాక కంచె దగ్గరకొచ్చాడు, చొక్కా తడిసి ముద్దయిపోయి.

"ఎలా ఆడాను?" అని నన్నడిగాడు.

"ఎడమకాలు ఇంట్లో మర్చిపోయొచ్చావు."

"ఇంకా?"

"ముందు నీళ్ళు తాగు."

అక్క కంచె సందులోంచి వేళ్ళు పెట్టి వాడి చెంప నిమిరింది. ఆ చొక్కా మీద మట్టి చూసి, "ఇది చన్నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే మరక పోదు. వచ్చేటప్పుడు ఇంటికి తీసుకురా," అంది. ఎవరో లోపలినుంచి "నానమ్మా, బస్సెక్కు!" అని అరిచారు. వాడు పరిగెత్తాడు.

బయటికి నడుస్తుంటే, వెనక వరసాయన సందుల్లోంచి దూరుకుంటూ మా దగ్గరకొచ్చాడు. పేరు రూపెర్తో అట. తిట్టినందుకు మనసు కుదుటపడట్లేదన్నాడు. తన మరదలికి ఊరి చివర చేపలు వేయించి పెట్టే కొట్టుంది, అక్కడ తినిపించేదాకా మమ్మల్ని వదలనన్నాడు. చేప అన్న మాట వినగానే బావ అప్పటికే ఆయన బండెక్కి కూర్చున్నాడు.

అక్క ముందు సీటు తనకే కావాలంది. దారిపొడుగునా నడిమి వరసలో ఎవర్ని ఆడించాలో ఆయనకి పాఠం చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. ఎవరూ తగ్గలేదు. చేపలొచ్చాయి, చల్లారాయి, మళ్ళీ వేడి చేయించుకున్నాం. చీకటి పడేవేళకి కూడా ఆ ఇద్దరూ బల్ల మీద నిమ్మకాయ ముక్కలు పదకొండు పేర్చి, వాటిని అటూ ఇటూ జరుపుతూ పోట్లాడుతూనే ఉన్నారు.